దారి 14,400 కిలోమీటర్లు, టికెట్‌లో 23 గంటలా?

ప్రశ్న: జూలైలో మా అమ్మ శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్తోంది. దూరం 14,400 కి.మీ. అంటున్నారు. గంటకు 900 చొప్పున 16 గంటలే కావాలి. టికెట్‌లో చూస్తే తెల్లవారుజామున 4:00కి ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:30కి దిగుతుందట. కింద మాత్రం మొత్తం 23 గంటలని ఉంది. ఏది నిజం?
- పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: 23 గంటలే నిజం. 4:00 మన గడియారం, 4:30 డల్లాస్ గడియారం. వేసవిలో వాళ్లు మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటారు. కనిపించే పన్నెండున్నరకు అది కలపండి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి మార్చి దాకా తేడా పదకొండున్నర.

ఇక 14,400. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దారం బిగించి లాగితే వచ్చే దూరం అది. ఆ దారం హిమాలయాలు దాటి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. అలా పోయే విమానం లేదు. మీ అమ్మగారు దోహాకి సుమారు 2,900, అక్కణ్నుంచి డల్లాస్‌కి 12,750 కి.మీ. తిరుగుతారు. దాదాపు 1,250 అదనం.

900 వేగం పైకి చేరాకే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత ఉండదు. పైగా టికెట్‌లో వేసే సమయం గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరేదాకా. రన్‌వే దగ్గర లైన్లో ఆగినా లెక్కే. కాబట్టి కిలోమీటర్లను 850తో భాగించి అరగంట కలపండి, చాలావరకు సరిపోతుంది. దోహాకి 4 గంటలు వస్తుంది, టికెట్‌లో నాలుగుంబావు ఉంటుంది. డల్లాస్‌కి పదిహేనున్నర వస్తుంది, వేసేది పదహారున్నర. ఆ గంట ఎదురుగాలిది. మధ్యలో దోహాలో రెండుంబావు గంటల ఆగుడు. మొత్తం 23.

ప్రశ్న: మరి వచ్చేటప్పుడు తక్కువ చూపిస్తోందే?

జవాబు: పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. వెళ్లేటప్పుడు అడ్డుపడిన గాలే వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

ప్రశ్న: 12వ తేదీ 4:00 గంటల విమానమంటే ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరాలి?

జవాబు: 11వ తేదీ రాత్రి. 12 అని చదివి, ఆ రోజు రాత్రి భోంచేసి తీరిగ్గా వెళ్లేసరికి విమానం పోయి ఇరవై గంటలు దాటుతుంది. ఒంటిగంటకల్లా శంషాబాద్‌లో ఉండాలి, కూకట్‌పల్లి నుంచి పదకొండున్నరకి కారెక్కించండి. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నాయా చూడండి. వేర్వేరు టికెట్లయితే దోహాలో రెండుంబావు గంటలు చాలవు: మొదటిది ఆలస్యమైతే రెండోదాని పూచీ ఎవరిదీ కాదు, పెట్టెలు కూడా నేరుగా డల్లాస్ చేరకపోవచ్చు.