మడ అంచున మేత, వన్యప్రాణులు, పర్యాటకులు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల అభయారణ్యం అంచున ఉన్న మన ఊరి కమిటీ బాధ్యత నీవు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. గేదెల వాళ్లు, అటవీ శాఖ వాళ్లు, పడవల వాళ్లు తలో వైపుకు లాగుతుంటే ఎవరిని కాదనాలో తోచడం లేదని రాశావు. ఎవరినీ పూర్తిగా కాదనవలసిన అవసరం లేదు. ఏ నెలలో, ఏ చోట, ఏ వేళకు ఎవరు ఆగాలో అందరితో కలిసి తేల్చడమే నీ పని. పశువైద్య శాఖలో పనిచేస్తూ ఈ తీరపు మందల మధ్యనే బతికినవాడిని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి తెలుసుకో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువుల మేతకు తావు లేదు. అభయారణ్యంలో మాత్రం మేతను అదుపు చేసే, అవసరమైతే నిషేధించే అధికారాన్ని చట్టం అటవీ శాఖ చేతిలో పెట్టింది. 1978లో ఏర్పడి, 235.70 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన మన కోరింగ జాతీయ ఉద్యానవనం కాదు, అభయారణ్యమే కనుక మాట్లాడుకోవడానికి చోటుంది. అభయారణ్యంలోనూ, దానికి ఐదు కిలోమీటర్ల లోపునా ఉన్న పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించాలనీ, టీకా పడని పశువును లోపల మేపరాదనీ కూడా అదే చట్టం చెబుతోంది. గాలికుంటు, గొంతువాపు టీకాలు తొలకరికి ముందే వేయించి, ఆ కార్డులు చేతిలో పెట్టుకుని అధికారుల దగ్గరకు వెళ్లు.

ఇక అసలు చిక్కు కాలానిది. సార్వా, అంటే వానాకాలపు వరి, నాట్లు పడ్డాక కోతల దాకా పొలాల్లో పశువు కాలు పెట్టే వీలుండదు, గట్ల మీది గడ్డి చాలదు, అందుకే మందలు మడలోకి దిగుతాయి. మడ కాయలు రాలి బురదలో నాటుకునేదీ దాదాపు ఆ నెలల్లోనే. తెల్లమడ కాయ చెట్టున ఉండగానే లోపల మొలకెత్తుతుంది. రాలి, పోటు నీటిలో తేలుతూ వచ్చి, పాటుకు, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, బురద మీద ఆగాక పైతొక్క ఊడి రెండు దళసరి పచ్చని బద్దలు విచ్చుకుంటాయి. వేరు పట్టే ఆ కొద్ది రోజుల్లో గేదె డెక్క పడితే మొక్క బురదలో కూరుకుపోతుంది. పెద్ద చెట్టుకు ఆకు పోయినా మళ్లీ వేస్తుంది కానీ, దాని చుట్టూ బురదలోంచి నిలువుగా పొడుచుకువచ్చే ఊపిరి వేళ్లు విరిగితే చెట్టే నీరసిస్తుంది. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు పారించి మడను తిరిగి పెంచిన చోట్లయితే, మంద తొక్కిడికి ఒడ్లు జారి కాలువలు పూడిపోతాయి. కాబట్టి లేతమడ ఉన్న ముక్కల్లోకి చెట్టు గేదె నోటికి అందనంత ఎదిగేదాకా మందను పోనివ్వకు. ముదురు మడ అంచులను వంతులవారీగా విడువు.

కాపలా కంటే నీటితొట్టి బాగా పనిచేస్తుంది. తెల్లమడ ఆకు ఉప్పును బయటికి తోస్తుంది, ఎండ ఎక్కాక ఆకు మీద ఆ పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. అది మేసిన గేదె మంచినీటి కోసం తిరిగి రాక తప్పదు. తొట్టి ఎక్కడ ఉంటే మంద దారి అక్కడికే పడుతుంది కనుక, లేతమడకు దూరంగా, ఊరి గట్టు వైపున తొట్లు కట్టించు.

మేత చూపకుండా మడలోకి రావద్దనడం అన్యాయం. దాళ్వా, అంటే రెండో పంట వరి, గడ్డిని మిషను కోసిన చోటే తగలబెట్టనివ్వక, బేళ్లు కట్టించి సార్వా నెలలకు దాచిపెట్టించు. సార్వా కోతకు ముందు చేలో పిల్లిపెసర, జనుము చల్లే పాత అలవాటును మళ్లీ పట్టుకుంటే చలికాలంలో పచ్చిమేత దొరికి ఎండుగడ్డి మిగులుతుంది. గేదెను నిందించే ముందు, అది ఒకప్పుడు మేసిన పోరంబోకు ఇప్పుడు ఎవరి రొయ్యల చెరువులో ఉందో కూడా అడగాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. సర్వే నంబర్లతో అర్జీ పెట్టు.

పర్యాటకుల విషయంలో నీవు మెత్తబడతావేమోనని నా భయం, ఎందుకంటే డబ్బు వచ్చేది అటునుంచే. కార్తీక వనభోజనాలు, సంక్రాంతి సెలవులు వలస పక్షులు ఇక్కడ ఉండే నెలల్లోనే వస్తాయి. పోటు నిండుగా ఉన్నప్పుడు పక్షులు నిలవడానికి కొద్దిపాటి మెరకే మిగులుతుంది. ఆ వేళ పడవలు దాని దరికి పోరాదు, మైకులు ఎప్పుడూ మోగరాదు. చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురుపిల్లి, ఎక్కువగా రాత్రిపూట వేటాడుతుంది కనుక పొద్దుగూకక ముందే పర్యాటకులు మడలో నడిచే చెక్క వంతెనను ఖాళీ చేయించు. వదిలేసిన విస్తళ్ల కోసం కుక్కలు చేరతాయి, ఆ కుక్కలే తీరపు ఇసుకలో తాబేలు గుడ్లను తవ్వి తింటాయి. కాకినాడ ఎదుట సముద్రంలోని హోప్ ఐలాండ్ దీవి ఇసుక మీద ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ రాత్రి బసలు, దీపాలు వద్దని గట్టిగా చెప్పు. టికెట్ల డబ్బులో ఒక భాగం గడ్డి బేళ్లకు కేటాయించేలా తీర్మానం చేయించగలిగితే, పడవల వాడికీ గేదెల వాడికీ మధ్య ఉన్న కోపం చాలావరకు తగ్గుతుంది.

మొదటి సమావేశాన్ని ఉదయం గానీ సాయంత్రం గానీ పెట్టకు, అవి పాలు పితికే వేళలు. మధ్యాహ్నం పెట్టి, గేదెలను చూసుకునే ఆడవాళ్లను పేరుపేరునా పిలిపించు. ఏ నెలలో ఎవరి మంద ఎక్కడ మేస్తుందో వాళ్ల నోటే చెప్పించి రాసుకున్నాకే అటవీ శాఖ వారి దగ్గరకు వెళ్లు.

ఆశీస్సులతో,
నీ మామయ్య