బూడిద చెరువు పక్కన బోరు చెడితే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం శివారు. మా కొబ్బరితోట పక్కనే బొగ్గు విద్యుత్ కేంద్రం వాళ్ల బూడిద చెరువు ఉంది. రెండేళ్లుగా బోరు నీళ్లు తేడాగా ఉన్నాయి, చెట్లు ఎండిపోతున్నాయి. అడిగితే ‘బూడిద ప్రమాదకర వ్యర్థం కాదని చట్టంలోనే ఉంది’ అంటున్నారు. గాజువాక కోర్టులో దావా వేయొచ్చా?

జవాబు: వాళ్లు సగమే చెప్పారండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఫ్లై యాష్‌ను, అంటే బొగ్గు కాలిస్తే వచ్చే సన్నటి బూడిదను, ఆ జాబితా నుంచి తప్పించిన మాట నిజమే. అంతమాత్రాన మీ బోరు పాడుచేసే హక్కు ఎవరికీ రాదు. తెలిసి తెలిసి కలుషిత పదార్థాన్ని బావిలోకి గానీ భూమి మీదికి గానీ వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య చట్టం 24వ సెక్షన్ నిషేధించింది.

దావా మాత్రం సివిల్ కోర్టులో వేయకండి. పర్యావరణ కేసులను జాతీయ హరిత ట్రిబ్యునలే వినాలి, సివిల్ కోర్టులు వినకూడదని 2010 నాటి ఆ ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ అడ్డొస్తుంది. అదే చట్టం 15వ సెక్షన్ కింద చెన్నైలోని ఆ ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనంలో పరిహారం కోరండి. నష్టం మొదట తలెత్తిన రోజు నుంచి గడువు ఐదేళ్లు. అంటే మీకు రెండేళ్లు ఇప్పటికే గడిచిపోయాయి.

ఇలాంటి కేసులు ఎక్కువగా నీటి పరీక్ష దగ్గరే దెబ్బతింటాయి. మన బొగ్గు కాలిస్తే మూడో వంతు దాకా బూడిదే. పాదరసం చాలావరకు పొగతో పోతుంది. ఆర్సెనిక్, సెలీనియం, సీసం సన్నటి బూడిదను పట్టుకుని ఉంటాయి, బొగ్గులో ఉన్నదానికంటే చిక్కగా. తడిసినప్పుడు వాటిలో కొంత కరిగి నేలలోకి దిగుతుంది. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపే టీడీఎస్ పరీక్షలో ఇవేవీ విడిగా కనబడవు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఒక్కో లోహం పేరు రాసి మరీ అడగండి. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరాన్, సల్ఫేట్, క్లోరైడ్ కూడా తప్పకుండా చూడమనండి. తీరప్రాంతం కాబట్టి ‘అది సముద్రపు నీటి ప్రభావం’ అని అవతలి వకీలు వాదిస్తాడు. సముద్రపు నీరే చొరబడితే క్లోరైడ్ బాగా పెరగాలి. అది పెరగకుండా బోరాన్, సల్ఫేట్ మాత్రమే పెరిగితే వేలు బూడిద వైపే చూపిస్తుంది. చెరువుకు దూరంగా, ఎగువనున్న ఒక బోరు నీళ్లు కూడా పోలికకు పరీక్ష చేయించండి.

మీరు సొంతంగా పట్టిన నమూనాను వాళ్లు కొట్టిపారేస్తారు. అందుకే కాలుష్య నియంత్రణ మండలి విశాఖ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అధికారులే వచ్చి నమూనా తీయాలని కోరండి, రసీదు తీసుకోండి. చెరువు చుట్టూ భూగర్భజల పరీక్షల నివేదికలనూ, ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతి పత్రాన్నీ సమాచార హక్కు చట్టం కింద అదే మండలిని అడగండి. ఫీజు 10 రూపాయలు.