సమాంతరమనే మాట ఆఖరి వరసలోనే

ప్రొద్దుటూరు

అబ్బీ,

రేఖలు, కోణాల పాఠంలో కోణం ఎంతో కనుక్కోమంటే వస్తోంది గానీ, రేఖలు సమాంతరమని నిరూపించమంటే మార్కులు పోతున్నాయని రాసినావు. ఎక్కడ పోతాయో చెప్తా.

రేఖలు సమాంతరమైతే సదృశ కోణాలు (రెండు రేఖల్నీ ఒక గీత ఖండించిన చోట్ల ఒకే స్థానంలో ఉండే కోణాలు) సమానం. సదృశ కోణాలు సమానమైతే రేఖలు సమాంతరం. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు. రెండోది మొదటిదానికి విపర్యయం, అంటే తిరగేసిన మాట. నిరూపించమన్నప్పుడు పనికొచ్చేది అదే. ఉపపత్తి (నిరూపణ) మధ్యలో "సమాంతరాలు కాబట్టి" అని రాసినావంటే, తేల్చాల్సిన దాన్నే ముందుగా ఒప్పుకున్నట్టు. ఆ మాట ఆఖరి వరసలోనే రావల్ల.

రెండు రేఖలు గీసి, పైనుంచి కిందికి ఆ రెండిటినీ ఖండించే గీత, అంటే ఒక తిర్యగ్రేఖ గీయి. పై ఖండన బిందువు దగ్గర ఎడమ పైకోణం నుంచి గడియారం ముల్లు తిరిగే వరసలో 1, 2, 3, 4 అని, కింది బిందువు దగ్గర అట్లే 5, 6, 7, 8 అని వేసుకో. 1, 3 శీర్షాభిముఖ కోణాలు, ఎదురెదురుగా ఉండి సమానమయ్యేవి. 1, 2 రేఖీయ జంట, పక్కపక్కన ఉండి మొత్తం 180° అయ్యేవి. ఇవి రేఖలు సమాంతరం కాకపోయినా నిజమే, కాబట్టి వీటితోనే ఏమీ తేలదు. పై బిందువు నుంచి ఒక కోణం, కింది బిందువు నుంచి ఒక కోణం కావల్ల. 2, 6 సదృశ కోణాలు, అవి సమానం కావల్ల. లేదా 3, 5 ఏకాంతర కోణాలు (రేఖల మధ్య, తిర్యగ్రేఖకు చెరో వైపు ఉండేవి), అవి సమానం కావల్ల. లేదా 3, 6 ఒకే వైపు అంతర కోణాలు (రేఖల మధ్య ఉండేవి), వాటి మొత్తం 180° కావల్ల. ఈ మూడిట్లో ఏ ఒక్కటైనా చాలు.

ఇప్పుడు కోణం 2 విలువ 65°, కోణం 5 విలువ 115° అని ఇచ్చినారనుకో. కలిపితే 180° వస్తుంది కదా అని వెంటనే "సమాంతరం" అని రాసేస్తారు. జవాబు సరే, కారణం తప్పు. 2 బయటి కోణం, 5 లోపలి కోణం, పైగా చెరో వైపు. ముందు 5, 6 రేఖీయ జంట కాబట్టి 6 విలువ 65° అని తెచ్చుకో. అప్పుడు 2, 6 సదృశ కోణాలు, సమానం, కాబట్టి రేఖలు సమాంతరం. ప్రతి వరసకూ పక్కన కారణం రాయి.

మీ వాకిట్లో పరిచిన కడప బండ దగ్గర ఇది కంటికి కనిపిస్తుంది. పొట్టి అంచు తిర్యగ్రేఖ, దాని రెండు మూలల్లో మూలమట్టం పెడితే రెండూ 90°. మొత్తం 180°, పొడుగు అంచులు సమాంతరం. ఒక మూల 91° ఉంటే ఆరడుగులు పోయేసరికి దాదాపు ఒకటింబావు అంగుళం తేడా వచ్చి, పక్క బండతో సందు పడుతుంది. కంటితో చూసి ఒక డిగ్రీ పట్టుకోలేము, అందుకే పటం చూసి సమాంతరమనుకోవద్దు.

చతుర్భుజం వచ్చినప్పుడు ఏ రేఖలు సమాంతరమో తికమక పడతారు. ఏబీసీడీ లో కర్ణం ఏసీ గీసి, కోణం బీఏసీ, కోణం డీసీఏ సమానమన్నారనుకో. రెండిటికీ ఉమ్మడి భుజం ఏసీ, అదే తిర్యగ్రేఖ. దాన్ని చేత్తో మూసి చూడు: మిగిలినవి ఏబీ, సీడీ. అవే సమాంతరం. ఏడీ, బీసీ గురించి ఇంకా ఏమీ తెలీదు. వాటికి కోణం డీఏసీ, కోణం బీసీఏ సమానమని విడిగా చూపించల్ల.

65°, 115° లెక్క, చతుర్భుజం లెక్క, ఈ రెండూ దత్తాంశం (ఇచ్చిన సంగతి) నుంచి మొదలుపెట్టి కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపు.

మీ జేజినాయన