కొరికిన గోళ్ల మీద కృత్రిమ గోళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెయిల్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మామూలు గోళ్ల మీద నేను పెట్టే యాక్రిలిక్ (పౌడర్, లిక్విడ్ కలిపి కట్టే కృత్రిమ గోరు) మూడు వారాలు చక్కగా నిలుస్తుంది. గోళ్లు కొరికే అలవాటున్న వాళ్లకు మాత్రం వారం తిరక్కుండానే టిప్పులు (గోరు కొసకు అతికించే ప్లాస్టిక్ ముక్కలు) ఊడిపోతున్నాయి. వాడేది అదే ప్రైమర్ (యాక్రిలిక్ గోరుకు అంటుకునేలా ముందుగా వేసే పూత), అదే పౌడర్. మరి లోపం ఎక్కడుంది?

జవాబు: చాలావరకు టిప్పులోనే ఉంది. కొరికిన గోరు పలక బాగా కురచ. టిప్పు వెనకభాగంలో గోరుకు అతికే పల్లం ఉంటుంది కదా, మామూలు గోరు మీద అది మూడో వంతు చోటు తీసుకుంటే, కొరికిన గోరు మీద సగానికి పైగా ఆక్రమిస్తుంది. ఇక యాక్రిలిక్ పట్టుకోవడానికి సహజమైన గోరు ఎక్కడ మిగిలింది? ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ కూర్చుంటుంది, మొత్తం బరువు గమ్ మీద పడుతుంది.

రెండో కారణం వేలి కొసన ఉండే కండ. ఏళ్ల తరబడి గోరు అంచు లేకపోవడంతో ఆ కండ ఉబ్బి, గోరు కంటే ఎత్తుగా పైకి వస్తుంది. క్లయింట్ ఫోన్ నొక్కినా, బ్యాగు జిప్పు లాగినా ఆ కండ టిప్పును కింది నుంచి పైకి తోస్తుంది. రోజంతా ఇలా జరుగుతుంటే ఎంత మంచి ప్రైమర్ వేసినా లాభం లేదు.

మూడోది తడి. నోట్లో నానిన గోరు నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. ఉబ్బి ఉన్నప్పుడు వేసిన యాక్రిలిక్, గోరు ముడుచుకోగానే అంచుల్లో వదులవుతుంది. అందుకే వీళ్లకు వేళ్లు నీళ్లలో నానబెట్టే మానిక్యూర్ అసలు చేయకండి. చేతులు కడిగించి, బాగా తుడిచి, పొడి పద్ధతిలోనే పని మొదలుపెట్టండి. క్యూటికల్‌ను, అంటే గోరు మొదట్లోని చర్మపు అంచును, వెనక్కి నెట్టి, పలకకు అంటుకుని ఉన్న పల్చటి పొరను పూర్తిగా తీయండి. కురచ గోరు మీద ఆ పొర రవ్వంత మిగిలినా అది ఆక్రమించే చోటు తక్కువేం కాదు. చిట్లి వేలాడుతున్న గోటి పోగులను నిప్పర్‌తో కత్తిరించండి, లాగకండి. 180 లేదా 240 గ్రిట్ ఫైల్‌తో మెరుపు పోయేంత వరకే తేలిగ్గా రుద్దండి. దుమ్ము దులిపి డీహైడ్రేటర్ (గోటి మీది తేమను తీసే ద్రవం) వేయండి, అది ఆరాక రెండోసారి కూడా వేయండి. ఆ తర్వాత యాసిడ్ లేని ప్రైమర్, అదీ బ్రష్‌ను తుడిచి పల్చగా. చర్మానికి తగలనివ్వకండి. ప్రైమర్ వేశాక క్లయింట్ వేలు నోటి దగ్గరికి వెళ్లిందంటే ఆ వేలికి తయారీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. అలవాటు కదా, వాళ్లకు తెలియకుండానే చేయి పైకి వెళ్తుంది. కూర్చోబెట్టినప్పుడే ఈ మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: టిప్పు వద్దంటే ఫారమ్ (గోరు అంచు కట్టడానికి అచ్చులా వాడే కాగితం) పెట్టాలి. కానీ గోరుకు అంచే లేనప్పుడు ఫారమ్‌ను దేని కింద దూర్చాలి?

జవాబు: దూర్చనక్కర్లేదు, ఆనించాలి. ఫారమ్ మధ్యలోని కోడిగుడ్డు ఆకారపు ఖాళీని ఆ క్లయింట్ గోరు అంచు ఎలా వంపు తిరిగిందో అలా చిన్న కత్తెరతో కత్తిరించుకోండి. పది వేళ్లకూ పది రకాల కోతలు పడతాయి, తొందరపడకండి. మీ బొటనవేలితో క్లయింట్ వేలి కొస కండను మెల్లగా కిందికి లాగి పట్టుకుని, ఫారమ్ అంచు గోరు అంచును తాకేలా పెట్టండి. మధ్యలో సందు ఉంటే యాక్రిలిక్ అందులోంచి కిందికి జారి చర్మానికి అంటుతుంది.

తర్వాత వేలిని పక్కనుంచి చూడండి. ఉబ్బిన కండ వల్ల ఫారమ్ ముక్కు పైకి లేచి ఉంటుంది. అలాగే కట్టేస్తే గోరు పైకి వంకర తిరిగి కనిపిస్తుంది, తగిలిన ప్రతిసారీ లేస్తుంది. ఫారమ్ కింది రెక్కలను మధ్యకు చీల్చి, గోరు గీతకు సమంగా వచ్చేదాకా వంచండి.

మొదటి యాక్రిలిక్ ముద్ద చిన్నది, గోరూ ఫారమూ కలిసే చోట. దాన్ని నొక్కి ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న అంచు కట్టండి. బ్రష్ వెనకభాగంతో తడితే టక్కుమని శబ్దం వచ్చేదాకా ఆగండి. అప్పుడు రెండో ముద్దతో గోరు మధ్యభాగాన్ని, మూడోదానితో క్యూటికల్ దగ్గరి భాగాన్ని కప్పండి. చర్మానికీ యాక్రిలిక్‌కూ మధ్య చుట్టూ వెంట్రుకవాసి సందు ఉండాలి. ఈ గోళ్లకు పక్కల చర్మం కూడా ఉబ్బి ఉంటుంది కనుక ఎక్కువసార్లు తప్పు జరిగేది అక్కడే.

ఇంకో పద్ధతి కూడా వాడుకలో ఉంది. యాక్రిలిక్‌ను వేలి కొస చర్మం మీదికి కావాలనే పరిచి, గట్టిపడుతుండగా చర్మం నుంచి లేపి, అలా తయారైన అంచు కింద ఫారమ్ పెడతారు. చూడ్డానికి సులువు. కానీ గట్టిపడని మోనోమర్, అంటే యాక్రిలిక్ లిక్విడ్, నేరుగా చర్మానికి తగులుతుంది, ఆ చర్మం అప్పటికే కొరికి పల్చబడి ఉంటుంది. ఇలా పదే పదే తగిలితే యాక్రిలేట్ ఎలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు. పంటి ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటులో ఉండేదీ ఇదే కుటుంబపు రసాయనం. ఒక సెట్ గోళ్ల కోసం అంత నష్టం తెచ్చిపెట్టే పద్ధతిని మేం సిఫారసు చేయం.

టిప్పే వాడాల్సి వస్తే, వెనక పల్లాన్ని గోరు మీద సన్నటి గీత మాత్రం కూర్చునేలా కత్తిరించి, ఫైల్ చేసి, చిక్కటి గమ్‌తో అతికించండి.

ప్రశ్న: మొదటిసారే పొడుగ్గా కావాలని క్లయింట్లు పట్టుబడతారు. ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

జవాబు: సహజ గోరు పలక పొడవులో సగానికి మించి ముందుకు పోనివ్వకండి. చాలామందికి అది రెండు, మూడు మిల్లీమీటర్లే అవుతుంది. అంతకంటే పొడవైతే ముందుభాగం మీద పడే దెబ్బ తులాదండంలా పనిచేసి వెనక అంటుకున్న భాగాన్ని లేపేస్తుంది. ఒక్కోసారి సహజ గోరునే వేలి నుంచి విడదీస్తుంది.

ఎపెక్స్, అంటే అన్నిటికంటే ఎత్తైన చోటు, సహజ గోరు మీదే ఉండాలి. ముందుకు జరిపి అతుకు దాటించారంటే బలం గాలిలోకి పోయినట్టే. క్యూటికల్ దగ్గర పల్చగా మొదలై, ఎపెక్స్ దగ్గర మందంగా ఉండి, కొసకు వచ్చేసరికి క్రెడిట్ కార్డు మందానికి దిగాలి. చివర చదరంగా ఉంచి, మూలలు గుండ్రం చేయండి. గరుకు మూలను నాలుక ఇట్టే పట్టేస్తుంది, ఆ వెనకే పళ్లు వస్తాయి.

చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అడుగునున్న గోరు కొరకకుండా నిలిస్తే రెండు, మూడు నెలల్లో చాలామందికి పలక కంటికి కనిపించేంత పొడవు పెరుగుతుంది. క్లయింట్ కోరిన పొడవు అప్పుడు ఇవ్వండి.

ప్రశ్న: యాక్రిలిక్ వద్దని జెల్ (ల్యాంపు కాంతికి గట్టిపడే పూత) వేస్తే, ల్యాంపులో చేయి పెట్టగానే మంట అని వెనక్కి లాగేసుకుంటున్నారు. ల్యాంపు చెడిందా?

జవాబు: కాదు. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, పొర ఎంత మందమైతే అంత వేడి. కొరికిన గోరు కొసన కింది సున్నితమైన చర్మం బయటపడి ఉంటుంది కాబట్టి వీళ్లకు ఆ వేడి ఇంకా ఎక్కువగా తగులుతుంది. ఓర్చుకోమని చెప్పకండి. ఆ వేడికి గోరు అడుగు చర్మం నుంచి విడిపోయే ప్రమాదం ఉంది. ఒక మందపు పొర బదులు రెండు మూడు పల్చటి పొరలు వేయండి. ల్యాంపులో తక్కువ వేడి మోడ్ ఉంటే అది వాడండి. మంట అనగానే చేయి తీయించి, తగ్గాక మళ్లీ పెట్టించండి, కానీ పూర్తి సమయం తప్పక పూర్తి కావాలి. సగం ఉడికిన జెల్ ఎలర్జీకి దారి. జెల్ తయారీదారు చెప్పిన ల్యాంపునే వాడండి.

ప్రశ్న: పళ్లతో కొరికినా విరగని గట్టి యాక్రిలిక్ లిక్విడ్ ఉందని ఒక సరుకుల దుకాణంలో చెప్పారు. తీసుకోవచ్చా?

జవాబు: సీసా మీద ఎంఎంఏ, అంటే మిథైల్ మెథాక్రిలేట్, అని ఉందేమో చూడండి. 1970ల తొలినాళ్లలోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నూరు శాతం ఎంఎంఏ ఉన్న గోళ్ల ఉత్పత్తులపై చర్య తీసుకుంది. ఇప్పుడు వాడాల్సింది ఈఎంఏ, ఇథైల్ మెథాక్రిలేట్. సీసా మీద ఏమీ రాయకపోతే కొనకండి. ఘాటైన వేరే రకం వాసన, ఫైల్‌కు లొంగని గట్టిదనం, అసిటోన్‌లో ఎంతసేపు నానినా కరగకపోవడం ఎంఎంఏ గుర్తులు. కృత్రిమ గోరు విరగకపోతే ఆ దెబ్బంతా సహజ గోరు మీద పడి, అది వేలి నుంచి చీలిపోతుంది. ఈ క్లయింట్ల విషయంలో ముందుగా విరగాల్సింది కృత్రిమ గోరే.

ప్రశ్న: నాకు కృత్రిమ గోళ్లు పెట్టించుకోవడం ఇష్టం. నాలుగైదు రోజులకు ఒక మూల కాస్త లేస్తుంది, ఇక ఆగలేక పళ్లతో పీకేస్తాను. నా గోరు పొరలుగా ఊడివస్తోంది. ఏం చేయాలి?

జవాబు: పీకినప్పుడు కృత్రిమ గోటితో పాటు మీ గోటి పైపొరలు కూడా లేచి వస్తున్నాయి. అవి తిరిగి అతకవు. కింది నుంచి కొత్త గోరు పెరిగి రావాలి, మొత్తం మారడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. పదునైన ముక్కలు మింగే ప్రమాదం, పంటి అంచు పగిలే ప్రమాదం కూడా ఉన్నాయి.

బ్యాగులో 240 గ్రిట్ చిన్న ఫైల్ ఒకటి ఉంచుకోండి. గరుకు తగలగానే రుద్ది నున్నగా చేయండి, తర్వాత టెక్నీషియన్‌కు చూపించండి. లేచిన చోట ఇంట్లో గమ్ పోయకండి. లోపల చిక్కిన తేమలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగి గోరు ఆకుపచ్చగా మారొచ్చు. అలా మారితే కృత్రిమ గోరు తీయించి, చర్మ వైద్యుడికి చూపించండి. దాని మీద కొత్తది వేయించుకోవద్దు. రోజుకు రెండుసార్లు క్యూటికల్ ఆయిల్ రాయండి, ఎండిన తోలు ముక్కలు తగ్గితే కొరకడానికి సాకు కూడా తగ్గుతుంది.

ఇంట్లో తీయాల్సి వస్తే, యాక్రిలిక్ అయితే పైమెరుపు ఫైల్ చేసి, అసిటోన్‌లో తడిపిన దూదిని రేకుతో చుట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. మెత్తబడిన భాగాన్ని చెక్క పుల్లతో తోయండి. రాకపోతే మళ్లీ చుట్టండి, గీకవద్దు. హార్డ్ జెల్ అసిటోన్‌కు కరగదు, దాన్ని సెలూన్‌లో ఫైల్ చేయించుకోవాల్సిందే.

ప్రశ్న: వేలి పక్కన ఎర్రబడి, వాచి ఉన్న క్లయింట్ రేపే పెళ్లి ఉందని బతిమాలుతోంది. చేయవచ్చా?

జవాబు: ఆ వేలికి చేయకండి. ఎరుపు, వాపు, సలుపు, చీము ఉంటే అది గోరుచుట్టు, వైద్యుడి పని. మిగతా తొమ్మిది వేళ్లు బాగుంటే వాటికి చేసి, ఆ ఒక్క వేలిని ఖాళీగా వదలండి. పచ్చిగా ఉన్న గాయాలకూ ఇదే నియమం. పని మధ్యలో రక్తం వస్తే ఆ వేలి పని ఆపి, ఆ ఫైల్ పారేయండి. లోహపు పనిముట్లను కడిగి స్టెరిలైజ్ చేశాకే మరొకరికి వాడండి. మధుమేహం ఉన్నవాళ్లయితే ముందుగా వాళ్ల డాక్టరును అడిగి రమ్మనండి.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. కృత్రిమ గోళ్లు పెట్టిస్తే కొరకడం మానేస్తుందా?

జవాబు: ఈ వయసులో వద్దమ్మా. పిల్లలు పీకేస్తారు, ఎలర్జీ చిన్నప్పుడే మొదలైతే ఎన్నో ఏళ్లు భరించాలి. గోళ్లు ఎప్పుడూ కురచగా, నున్నగా ఉంచండి. చేదు పూత దొరుకుతుంది. అందులో ఉండే డెనాటోనియం బెంజోయేట్ ఎంతో చేదు, కొందరు పిల్లలకు పనిచేస్తుంది.

పెద్దవాళ్లకైనా కృత్రిమ గోరు సాయమే కానీ మందు కాదు. అంచు మందంగా ఉండి పంటికి చిక్కదు, అంతవరకే. అలవాటు మీద పనిచేసే పద్ధతి వేరే ఉంది. 1973లో మనస్తత్వవేత్తలు అజ్రిన్, నన్ దాన్ని ప్రచురించారు. చేయి నోటికి వెళ్లే సమయాలను గుర్తించి, వెళ్లబోతున్నప్పుడు పిడికిలి బిగించి కొన్ని నిమిషాలు అలాగే ఉంచడం అందులో ముఖ్యమైన భాగం. రక్తం వచ్చేదాకా కొరుకుతుంటే మానసిక వైద్యుడిని కలవండి, చిన్నతనంగా అనుకోవద్దు.

ప్రశ్న: ఫిల్‌కు, అంటే గోరు పెరిగి ఖాళీ అయిన చోటు నింపడానికి, ఎన్నాళ్లకు రమ్మనాలి? బొటనవేళ్లే ఎందుకు ముందుగా ఊడుతున్నాయి?

జవాబు: మొదటి నెల వారం, పది రోజులకోసారి రమ్మనండి. తర్వాత రెండు వారాలకు మార్చవచ్చు. వచ్చిన ప్రతిసారీ లేచిన భాగాన్ని ఫైల్ చేసి తీసేయండి, దాని మీదే కొత్త పొర వేయకండి. జెల్ అయితే నాలుగు వేళ్లతో కలిపి ల్యాంపులో పెట్టినప్పుడు బొటనవేలు పక్కకు తిరిగి, గోరుకు కాంతి ఏటవాలుగా పడుతుంది, ఒక పక్క సరిగా గట్టిపడదు. రెండు బొటనవేళ్లనూ విడిగా, గోరు నేరుగా పైకి చూసేలా పెట్టి, పూర్తి సమయం ఉంచండి.