ఉద్యోగం బెండిగోలో, అయినవాళ్ళు మెల్‌బోర్న్‌లో

ప్రశ్న: మాది గుంటూరు, ఉండేది హైదరాబాద్‌లో. నేను స్టాఫ్ నర్సుని, మావారు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు. పాపకి అయిదో ఏడు నిండింది. నేను పరీక్షలు రాసి, అడిలైడ్ వెళ్ళి ప్రాక్టికల్ కూడా పాసై, ఆస్ట్రేలియాలో నర్సుగా రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను. విక్టోరియా రాష్ట్రం నామినేట్ చెయ్యడంతో 190 అనే పర్మనెంట్ వీసా వచ్చింది. బెండిగో అనే ఊళ్ళో ప్రభుత్వ ఆసుపత్రి నాకు ఆఫర్ ఇచ్చింది. మావారి అక్క వాళ్ళు మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటారు. "ముందు మా ఇంట్లో దిగండి, ఉద్యోగాలు అవే వస్తాయి" అంటున్నారు. అత్తగారిదీ అదే మాట. మావారేమో "నీ ఉద్యోగం కోసం నేను ఆ చిన్న ఊళ్ళో కూర్చుని ఏం చెయ్యాలి?" అని మాట్లాడటం తగ్గించేశారు. పది రోజుల్లో ఆసుపత్రికి జవాబివ్వాలి. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. బెండిగో ఆఫర్ వదులుకోకండి. అయితే మీవారి భయాన్ని పక్కన పెట్టి మాత్రం వెళ్ళకండి. వెళ్ళడం, ఆయన్ని ఒప్పించడం ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనులు కావు, రెండూ కలిసే జరగాలి.

మీది పర్మనెంట్ వీసా కావడం అదృష్టం. 190 మీద వెళ్ళేవాళ్ళు నామినేట్ చేసిన రాష్ట్రంలో ఉండాలని ఆ రాష్ట్రం ఆశిస్తుంది. మెల్‌బోర్న్, బెండిగో రెండూ విక్టోరియాలోవే కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. ఇలాంటి ప్రశ్నతోనే ఉన్న చాలామంది చేతిలో 491 అనే తాత్కాలిక రీజనల్ (మహానగరాలు కాని ప్రాంతాల) వీసా ఉంటుంది, వాళ్ళకి ఈ వెసులుబాటు లేదు. వాళ్ళు సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప ఇంకెక్కడైనా ఉండొచ్చు. పెర్త్, అడిలైడ్ అంత పెద్ద ఊళ్ళు కూడా ఆ లెక్కలో రీజనల్ కిందికే వస్తాయి. మూడేళ్ళు అలా ఉండి, ఆదాయం చూపించాకే పర్మనెంట్‌కి దరఖాస్తు చేసుకోవాలి. మీరైతే ఏడాది ఒక చోట ఉండి చూసి, నచ్చకపోతే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మారిపోవచ్చు. అంటే మీ ఇంట్లో జరుగుతున్న గొడవ జీవితాంతం ఎక్కడుండాలన్న దాని మీద కాదు, మొదటి ఏడాది మీద. ఈ మాట మీవారికి స్పష్టంగా చెప్పారా?

ఇప్పుడు డబ్బు సంగతి. విక్టోరియా ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులకి జీతాలు ఒకే ఒప్పందం ప్రకారం ఇస్తారు. ఊరు చిన్నదని జీతం తగ్గదు. ఒక్కో నర్సుకి ఎంతమంది రోగులు ఉండాలన్నదానికి కూడా 2015లో చట్టం చేశారు, అది రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. ఇంటి అద్దె మాత్రం మామూలుగా మెల్‌బోర్న్ కంటే బెండిగోలో తక్కువ. ఇంకో విషయం, కొత్తగా వెళ్ళినవాళ్ళకి అక్కడ ఇల్లు దొరకడమే పెద్ద టెన్షన్. గతంలో అక్కడ అద్దెకున్న రికార్డు ఉండదు కాబట్టి ఏజెంట్లు ఉద్యోగం లెటర్ అడుగుతారు. మీ చేతిలో ఆసుపత్రి లెటర్ ఉంటుంది. టార్నీట్‌లో దిగి ఉద్యోగం వెతుక్కుంటూ ఇల్లు అడిగితే అది ఉండదు.

మెల్‌బోర్న్ పడమటి వైపు కూడా పెద్ద ఆసుపత్రులున్నాయి, మీకు అక్కడా ఉద్యోగం దొరకొచ్చు. కాదనను. కానీ దొరకొచ్చు అన్నదాని కోసం దొరికినదాన్ని వదులుకుని, ముగ్గురు మనుషులు ఇంకొకరి ఇంట్లో నెలల తరబడి ఉండటం నాకు నచ్చలేదు.

ఇక్కడే మీవారి సంగతి మాట్లాడాలి. ఆయన మాటలో మీకు వినిపించింది అహంకారం. నాకు వినిపించింది భయం. పెళ్ళయ్యాక మొదటిసారి ఇల్లు మీ జీతం మీద నడవబోతోంది, ఆయన డిపెండెంట్‌గా దిగుతున్నారు. ఈ స్థితిలో అక్కగారి ఇల్లు ఆయనకి ధైర్యంగా కనిపించడం సహజం. కానీ అక్కడ ఒక మామూలు సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించండి. బావగారు ఆఫీసు నుంచి వస్తారు. అందరూ భోజనానికి కూర్చుంటారు. "ఏమయ్యా, ఏదైనా వచ్చిందా?" అని ప్రేమగానే అడుగుతారు. మొదటి వారం ఫరవాలేదు. రెండో నెలలో అదే మాట, అదే బల్ల దగ్గర, పాప ముందు వినాలి. ఆదివారం వచ్చే స్నేహితులూ అదే అడుగుతారు. ఉద్యోగం వెతుక్కునే మగవాడికి బంధువుల నడుమ ఉండటం కంటే తన సొంత గదిలో లాప్‌టాప్ ముందు కూర్చోవడం చాలాసార్లు తేలిక. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఆయనకి దెప్పినట్టుంటుంది. అందుకే నేను రాస్తున్నాను, ఈ పేరా ఆయన్నే చదవమనండి.

ఆయన వాదనలో నిజం కూడా ఉంది. బెండిగో మరీ పల్లెటూరేం కాదు. 2021 లెక్కల్లో ఆ మునిసిపాలిటీ జనాభా లక్షా 20 వేలు దాటింది, ఒక బ్యాంకు ప్రధాన కార్యాలయం, యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి. అయినా టెస్టింగ్ ఉద్యోగాలు ఎక్కువ ఉండేది మెల్‌బోర్న్‌లోనే. దూరం 150 కిలోమీటర్లు, రైల్లో దాదాపు రెండు గంటలు. వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళి మిగతా రోజులు ఇంటి నుంచి చేసే ఉద్యోగమైతే నడుస్తుంది. 2023 నుంచి ఆ రైళ్ళ రోజువారీ టికెట్‌ని మెల్‌బోర్న్ సిటీ టికెట్ ధరకి మించకుండా కట్టడి చేశారు, కాబట్టి ఖర్చు భయం లేదు. అయిదు రోజులూ ఆఫీసుకి రమ్మంటే మాత్రం కుదరదు. ఆ ఉద్యోగమే వచ్చి, జీతం బాగుంటే, మీరు మెల్‌బోర్న్‌లో ఆసుపత్రి చూసుకుంటానని ఇప్పుడే మాటివ్వండి. ఆయన అడగకముందే ఇవ్వండి. మనిషి కుదుటపడేది అలాంటి మాటతోనే.

మీకు సాయంత్రం షిఫ్టులు, నైట్లు పడతాయి. పాపని ప్రెప్‌లో, అంటే అక్కడి బడిలో ఒకటో తరగతికి ముందు ఏడాదిలో వేస్తారు, బడి మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వదిలేస్తారు. మీరు రాత్రి తొమ్మిదిన్నరకి వార్డులో బాధ్యతలు అప్పగించి బయటికి వస్తే, చిన్న ఊళ్ళో ఆ వేళకి బస్సు దొరుకుతుందని నమ్మలేం. కారు ఉండాలి, మీకే డ్రైవింగ్ వచ్చి ఉండాలి. పర్మనెంట్ వీసా వాళ్ళు ఇండియా లైసెన్స్‌తో ఆరు నెలలే నడపగలరు, తర్వాత అక్కడి టెస్ట్ పాసవ్వాలి. ఇప్పటికీ స్టీరింగ్ పట్టకపోతే, సూట్‌కేసులు కొనడానికి ముందు డ్రైవింగ్ స్కూల్లో చేరండి. మొదటి నెలల్లో పాపని చూసుకునేది మీవారే. దాన్ని ఖాళీగా కూర్చోవడం అని ఇంట్లో ఎవరూ అనకూడదు, ఫోన్లో మీ పుట్టింటివాళ్ళతో సహా.

అత్తగారి విషయంలో మాత్రం టార్నీట్‌కే మొగ్గు. రేపు ఆవిడ విజిటర్ వీసా మీద వస్తే, అక్కడ సాయంత్రం నడకకి వెళ్ళినా తెలుగు మాట వినబడుతుంది. బెండిగోలో మీరిద్దరూ పనిలో ఉన్న రోజున ఆవిడ ఒక్కరే. ఆ నెలల్లో ఆవిడ సగం రోజులు కూతురి దగ్గర ఉండేలా ముందే అనుకోవచ్చు. మిమ్మల్ని వింతగా చూస్తారేమో అన్న బెంగ మాత్రం వద్దు. 1850ల్లో బంగారం కోసం వచ్చిన చైనీయుల వారసులు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నారు. ఈస్టర్‌కి ఊరంతా వాళ్ళ డ్రాగన్ ఊరేగింపు చూస్తుంది. మయన్మార్ నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి.

మిగిలింది మీ వదినగారు. మీకోసం గది సిద్ధం చేసి పెట్టిన మనిషికి "రావడం లేదు" అంటే బాధే. ఆ ఫోన్ మీరు చెయ్యకండి, తమ్ముడే చెయ్యాలి. దిగిన మొదటి రెండు వారాలు వాళ్ళింట్లోనే ఉంటామని చెప్పమనండి. బ్యాంకు అకౌంట్, మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు పనులు అక్కడుండి చేసుకోవచ్చు, బావగారి సాయం నిజంగానే అవసరం. బెండిగోలో ఇల్లు చూడటానికి ఆయన్ని కూడా తీసుకెళ్ళండి.

పది రోజుల్లో జవాబివ్వాలన్నారు. ఈ రాత్రి పాప పడుకున్నాక ఆయన్ని కూర్చోబెట్టి, "మనం ఒక్క ఏడాదికి మాట్లాడుకుందాం" అని మొదలుపెట్టండి. ఆసుపత్రికి రాసేటప్పుడు, చేరే తేదీని పాప బడి మొదలయ్యే జనవరి చివరికి కలిసేలా పెట్టగలరేమో అడగండి. మొదటి నెల నైట్ డ్యూటీలు లేకుండా ఇవ్వగలరా అని కూడా అడగండి. కొత్తగా చేరేవాళ్ళు ఇలా అడగడంలో తప్పేమీ లేదు.