బిర్యానీ అందరూ తిన్నారు కాబట్టే ఏం తేలట్లేదు

ఏ వంటకం వల్ల జబ్బు వచ్చిందో తేలట్లేదన్నారు కదా, మీరు జబ్బుపడినవాళ్లనే అడిగారు, చిక్కంతా అక్కడే. మధురవాడ ఫంక్షన్‌కి వచ్చిన 75 మందిలో 31 మందికి జ్వరం, విరేచనాలు, అందరూ చికెన్ బిర్యానీ తిన్నామన్నారని రాశారు. బిర్యానీ తిననివాళ్లు ఆ ఫంక్షన్‌లో ఎవరుంటారండీ?

1. బాగున్న 44 మందికీ ఫోన్ చేయండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. బిర్యానీ, పెరుగుచట్నీ, కబాబ్, మయోనైజ్ ఒక్కోటి విడిగా, తిన్నారా లేదా అని అడిగి రాసుకోండి. ఉదాహరణకు మయోనైజ్ తిన్న 40 మందిలో 28 మంది జబ్బుపడి, ముట్టని 35 మందిలో ముగ్గురే జబ్బుపడితే అనుమానం దానిమీదే. పచ్చి గుడ్డుతో చేసి, మన వైజాగ్ ఉక్కపోతలో మూతలేని గిన్నెలో మూడు గంటలు ఉంచితే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకి అంతకన్నా ఏం కావాలి!

2. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైందో గంటలతో సహా రాయండి. సాల్మొనెల్లా ఎక్కువగా 12 నుంచి 36 గంటల్లో బయటపడుతుంది. రెండు గంటల్లోపే వాంతులైతే వేరే కారణం వెతకాలి.

3. మలం శాంపిల్ యాంటీబయోటిక్ వేయకముందే కల్చర్‌కి (ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకి) ఇవ్వాలి, తర్వాత ఇస్తే సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.

4. మిగిలిన వంటకాలు పారేయనివ్వకండి, శుభ్రమైన డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి ఫుడ్ సేఫ్టీ అధికారికి అప్పగించండి.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లలో ఎవరికైనా విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్లండి.