చైనా నుంచి తెచ్చిన ప్లాస్టర్లు, ఎర్ర నూనె అమ్మ మోకాళ్లకు వాడొచ్చా?

మీరు అడిగినవి మూడు: మీ అన్నయ్య చైనా నుంచి తెచ్చిన నల్ల ప్లాస్టర్లు, ఎర్ర నూనె సీసా, దురదకని ఎవరో ఇచ్చిన క్రీము. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, గుండెకు మాత్రలు కూడా వాడుతున్నారని రాశారు. నేను గ్వాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివాను. మాది అల్లోపతి కోర్సే అయినా చైనా సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టు. ఇక హాస్టల్లో ఎవరి కాలు బెణికినా ముందు బయటికొచ్చేవి ఈ సీసాలూ ప్లాస్టర్లే. మూడింటికీ ఒకే జవాబు చెప్పలేను.

ముందు నూనె. అక్కడ దీన్ని 'హొంగ్ హువా యౌ' అంటారు, అంటే కుసుమ పువ్వు నూనె. పేరు కుసుమదే కానీ చాలా బ్రాండ్లలో ఎక్కువగా ఉండేది మిథైల్ సాలిసిలేట్ అనే నొప్పి మందు. మూత తీసి చూడండి, ఐయోడెక్స్ వాసన గుర్తొస్తుంది. టైగర్ బామ్‌ది కూడా ఇదే కుటుంబం. రంగూన్‌లో మూలికల దుకాణం పెట్టుకున్న ఆవ్ చు కిన్ అనే చైనా వైద్యుడితో మొదలై, కొడుకుల కాలంలో 1926లో సింగపూర్ చేరింది. అందులో ముఖ్యమైనవి కర్పూరం, మెంథాల్. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలోనూ అవే ఉంటాయి. కాబట్టి చైనా సరుకని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నాడులను కదిలిస్తుంది. దాంతో నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లుతుంది. కాసేపు హాయిగా ఉంటుంది, అది నిజమే. అరిగిన కీలు మాత్రం దానితో బాగవదు. అమ్మగారి విషయంలో నన్ను ఆపేది గుండె మాత్రలు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడుతుంటే ఈ నూనెను ఎక్కువగా రుద్దకూడదు. మిథైల్ సాలిసిలేట్ చర్మం గుండా రక్తంలోకి వెళ్లి రక్తస్రావం ముప్పు పెంచుతుంది. ఏం మాత్రలో ముందు చూడండి, డాక్టరుగారికి చెప్పి వాడండి. నూనె రాసి పైన వేడి కాపడం పెట్టడం అసలొద్దు. ఇంట్లో రెండేళ్లలోపు పిల్లలుంటే కర్పూరం కలిసినవి వాళ్లకు తగలనివ్వకండి, ఫిట్స్ రావచ్చు.

ఇక నల్ల ప్లాస్టర్. దీని తయారీ నాకు భలే నచ్చుతుంది. నువ్వుల నూనెలో మూలికలు మాడేదాకా వేయించి, వడకట్టి, ఆ నూనెను మళ్లీ కాచి గంగసింధూరం కలుపుతారు. ఒక చుక్క నీళ్లలో వేస్తే పూసలా నిలవాలి, అచ్చం మనం అరిసెల పాకం చూసినట్టే. ఆ ముద్దను గుడ్డకు పూస్తారు. ఒకప్పుడు కుక్క చర్మానికి పూసేవారు. చిక్కేమిటంటే గంగసింధూరం అంటే సీసమే. గాయం లేని చర్మం గుండా లోపలికి వెళ్లేది తక్కువ. పుండు మీదో, గోకి గోకి పొరలు లేచినచోటో వేస్తే మాత్రం మంచిది కాదు. అమ్మగారిది తారులా దళసరిగా ఉండి, వేడి చూపితేగానీ అంటుకోనిదైతే అది పాత పద్ధతిదే అనుకోండి. నేనైతే అది వద్దనే అంటాను. ఈ రోజుల్లో దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా పలచటి రబ్బరు ప్లాస్టర్లు. వాటిలో సీసం గొడవ ఉండదు.

అయినా ప్యాకెట్ మీద 'త్సావ్ వూ', 'చువాన్ వూ' అని ఉందేమో చైనీస్ వచ్చినవాళ్లతో చదివించండి. రెండూ మన వసనాభి జాతివే, గుండె లయను దెబ్బతీసే విషం. 1902లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో చూ హువాన్‌చాంగ్ తయారుచేసిన, గాయాల రక్తం ఆపడానికి వాడే ప్రసిద్ధ యునాన్ బైయావ్ పొడిలో కూడా త్సావ్ వూ ఉంది. దాని స్ప్రే నేనూ వాడాను. బ్యాడ్మింటన్‌లో మడమ మెలిక పడితే సీనియర్ ఎర్ర డబ్బా ముందు, తెల్ల డబ్బా తర్వాత కొట్టాడు. నొప్పి వెంటనే తగ్గింది. వాపు కొన్నాళ్లకు దిగింది, ఐసు పెట్టి కాలు కదపకుండా ఉంచినా దిగేదేమో. పుండ్ల మీద మాత్రం కొట్టుకోనివ్వలేదు.

మీరు అడగలేదు కానీ 'సాన్ ఫూ థియే' గురించి చెప్పకుండా ఉండలేను. నడివేసవిలో, అంటే జులై, ఆగస్టుల్లో లెక్కగట్టిన రోజుల్లో, తెల్ల ఆవాలు, ఇంకొన్ని మూలికల పొడిని అల్లం రసంతో ముద్దచేసి ఉబ్బసం, జలుబు ఉన్నవాళ్ల వీపు మీద అంటిస్తారు. చలికాలపు జబ్బుకు వేసవిలోనే మందు అన్నమాట. ఆసుపత్రుల ముందు క్యూలు చూస్తే మృగశిర కార్తె నాటి నాంపల్లి చేప మందు జనమే గుర్తొచ్చారు. తుమ్ములతో చస్తున్నానని నేనూ వేయించుకున్నాను. ఆవాల ఘాటుకు వీపంతా కాలింది, ఒకచోట బొబ్బ లేచింది. ఆ చలికాలం తుమ్ములు తగ్గిన మాట నిజమే. అయితే అదే ఏడాది దుమ్ము పట్టిన పాత గది వదిలి కొత్త హాస్టల్‌కు మారాను. దేనివల్ల తగ్గిందో ఎవరు చెప్పగలరు? షుగర్ ఉన్నవాళ్లకు ఆ బొబ్బే పుండు కావచ్చు. అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే మాత్రం ఇలాంటివి వద్దు.

క్రీము సంగతి ఒక్క ముక్కలో: వాడకండి. లండన్‌లో వైద్యులు 11 చైనా మూలికా క్రీములు పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది, 1999లో అది అచ్చయింది. పేరూ కంపెనీ లేని క్రీము నాలుగు రోజుల్లో దురద మాయం చేస్తే నాకు అనుమానమే ఎక్కువ.

ప్లాస్టర్ రబ్బరుదే అయితే, వసనాభి లేకపోతే, ముందు మోచేతి లోపలి వైపు చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతే మోకాలికి వేసి, రాత్రి పడుకునే ముందు తీసేయండి. ప్యాకెట్ వెనుక వైపు ఫొటో ఇక్కడ పెడితే అక్షరాలు చదివి చెప్తాను.